అమ్మ మునుం

జూన్ 27, శుక్రవారం

పని దొరికింది. ఉద్యోగం అనకూడదేమో, మూడు నెలల పని. పట్నంలోని ఒక ట్రస్టు ఆస్పత్రి వాళ్లు మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో నలభై దాటిన ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ పరీక్ష చేస్తారట. మిషన్ ఉన్న బండి వాళ్లది. ఆడవాళ్లను ఆ బండి ఎక్కించడం నా వంతు. బీఎస్సీ చదివి, గ్రూప్స్ కోసం రెండేళ్లు గదిలో కూర్చుని, మన్నెగూడ చౌరస్తాలో ఎండలో ప్లాట్ల కాగితాలు పంచి, అదీ వదిలేసి వచ్చిన దాన్ని. ఇదెంత?

శిక్షణ అయ్యాక చేతిలో ఒక రబ్బరు రొమ్ము పెట్టి పంపారు. లోపల మూడు గడ్డలు దాచి ఉంటాయి, వేళ్లతో నొక్కి కనుక్కోవాలి. మధ్యాహ్నమంతా వెతికినా నాకు రెండే దొరికాయి. బస్సులో సంచి జారి అది బయటికొచ్చి దొర్లింది. పక్క సీటాయన మన్నెగూడ నుంచి ఇబ్రహీంపట్నం దాకా కిటికీ వైపు నుంచి మెడ తిప్పలేదు.

ఇంట్లో బాపు చూశాడు. "గదేందే?"

"పరీక్ష నేర్పే బొమ్మ, బాపు."

"మంచిది. మంచిది" అంటూ చెప్పులు కూడా మరచిపోయి బయటికి నడిచాడు.

జూన్ 28

పొద్దున అమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, "ఇటియ్యి చూద్దాం" అంది. రబ్బరు బొమ్మను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఒకటి. రెండు. గిది మూడు."

అరనిమిషం పట్టలేదు. పట్టదు మరి. ఇరవై ఏళ్లకు పైగా బురదలో కనపడని నేలను తడిమి వరి నాటిన వేళ్లు. "నా పని నువ్వే చెయ్యరాదే అమ్మా" అన్నాను. అమ్మ నవ్వలేదు. వేలు మూడో గడ్డ మీదే ఆగి ఉంది.

"గిసుంటిది నాకున్నది" అంది.

కుడివైపు, చంక దగ్గర. ఉగాది నుంచి. చింతగింజంత. నొప్పి లేదట, అందుకని ఫికర్ లేదట. నొప్పి లేదని ఊరుకోవద్దని నిన్ననే కదా శిక్షణలో నాకు నేర్పింది.

"ఈయాలనే దవాఖానకు పోదాం పా."

"నాట్లు మొదలైతున్నయి. గుంపుల పద్నాలుగు మందిమి. ముందటి మునుం నాది, గెట్టెంబడి పట్టీ. నేను పక్కకు జరిగితే మడిల వరుసంత ఆగుతది. నాట్లైనంక పోత. ఎవ్వలకన్న చెప్పినవో, నీకు నాకు మాటల్లేవ్. నా మీద ఒట్టెయ్యి."

వేశాను. నాట్లు రెండు నెలలు. రెండు నెలలే కదా. ఈ సంగతి ఇందులో మళ్లీ రాయను.

జులై 2

ఎల్లేశ్ అన్న మా చిన్నమ్మ కొడుకు. ఆటోలో కూరగాయలు అమ్ముతాడు, ఆటో మీద మైకుంది. నా గొంతు రికార్డు చేసి ఊరంతా తిప్పమన్నాను. శుక్రవారం పదింటికి బడి కాడికి బండి వస్తుందని, అందరూ రావాలని. మంచి గొంతు పెట్టి, రెండుసార్లు సరిచేసుకుని చదివాను.

అన్న పెన్‌డ్రైవ్‌లో టమాటల ప్రకటన కూడా ఉంది. రెంటినీ విడగొట్టడం ఆయనకు రాలేదు. ఊరు విన్నది ఇదీ: "నలభై దాటిన అక్కలారా, చెల్లెళ్లారా, రొమ్ము పరీక్ష ఉచితం... తాజా తాజా తాజా! మొదలు చూస్కోన్రి, తర్వాత తీస్కోన్రి!"

మూడు గల్లీలు తిరిగాక బాలనర్సమ్మ అత్త ఆటోకు అడ్డం నిలబడింది. అమ్మ గుంపులోనే నాటు వేస్తుంది, అమ్మ పక్క మునుం ఎప్పుడూ ఆమెదే. ఆమె నోటికి ఊళ్లో సర్పంచులే జరిగి దారిస్తారు.

"ఏమిరా ఎల్లేశూ, తూకానికిస్తున్నవా, లెక్కకిస్తున్నవా?"

అమ్మ నవ్వీ నవ్వీ గడప మీద కూలబడింది. కళ్లలో నీళ్లు. అలా నవ్వే మనిషికి ఏమీ ఉండదు. ఉండదు.

జులై 4

బండి వచ్చింది. తెల్లగా, బస్సంత ఉంది. డాక్టర్ ఉమారాణి, మిషన్ నడిపే సిస్టర్ కృపారాణి దిగారు. పది నుంచి ఒంటిగంట దాకా బడి ముందు నిలబడ్డది వాళ్లిద్దరూ, నేనూ, రెండు కుక్కలూ. ఒంటిగంటకు ఒక మేక మెట్టెక్కి లోపలికి చూసి, నచ్చక దిగిపోయింది.

"ఊళ్లో ఆడవాళ్లే లేరా అమ్మా?" అంది డాక్టర్.

ఉన్నారు. చెరువు కింద మోకాటి లోతు బురదలో ఉన్నారు. నాట్ల కాలంలో పదింటికి ఊళ్లో ఎవరుంటారు? నాటు గుంపు మేస్త్రి కూతుర్ని, ఆ మాట ఆస్పత్రికి చెప్పాల్సింది నేను. పదింటికి పెట్టమని చెప్పిందీ నేనే. నాకు కాలేజీ పదింటికి ఉండేది. ఇక లోకానికంతా పదింటికే తెల్లవారుతుందనుకున్నాను.

జులై 5

"ఎంతమంది వచ్చిన్రే?" అంది అమ్మ, కాళ్లు కడుక్కుంటూ.

"ఒక మేక."

అన్నం తింటుంటే మేక గుర్తొచ్చి మళ్లీ నవ్వింది. పొలమారింది. బాపు తల మీద తట్టాడు.

జులై 8

పొలానికి వెళ్లాను. రాంచంద్ర పటేల్ గారి మడి, రోడ్డు పక్కనే. గెట్టు నుంచి గెట్టు దాకా పద్నాలుగు మంది వంగి, ఎవరి పట్టీ వాళ్లు నాటుకుంటూ వెనక్కి నడుస్తున్నారు. ఇన్నేళ్లలో నేను వాళ్లను నిలబడి చూసిందే లేదు. సద్ది తెచ్చి ఇచ్చి పారిపోవడమే.

గెట్టు మీద సద్ది విప్పినప్పుడు అడిగాను: "బండి ఇక్కడికే వస్తే ఎక్కుతరా?"

"ఎక్కుతం గని, ఒకలు పోతే ఆమె మునుం ఎవలు పట్టాలె?" అంది బాలనర్సమ్మ అత్త. "వరుస ఆగొద్దు. ఇటుపక్కామె, అటుపక్కామె కలిసి పట్టాలె. పద్నాలుగు మంది పోతే పక్కోళ్ల నడుములుంటయా?"

అదీ సంగతి. సిగ్గూ కాదు, భయమూ కాదు. నేను తెచ్చిన కాగితంలో సిగ్గుకూ భయానికీ జవాబులున్నాయి. పక్కదాని నడుముకు లేదు.

"ఆ మునుం నేను పడత" అన్నాను.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గెట్టంతా నవ్వు. అందరికంటే ఎక్కువ అమ్మ.

"ఓ పిల్లా, నాటు నేర్చుకునుడు నా పొలంలనేనా?" అన్నాడు పటేల్.

వెనక నుంచి ఆయన భార్య నర్సమ్మ అంది: "నేర్చుకోనియ్యి. ఆ బండికి నేను గూడ పోత."

పటేల్ తలపాగా తీసి దులుపుకుని మళ్లీ చుట్టుకున్నాడు. ఒప్పుకున్నట్టే.

డాక్టరుకు ఫోన్ చేశాను. "పొలం దగ్గరా? మరి బురద?" అంది. పంపుసెట్టు ఉంది మేడం, కాళ్లు కడిగే పంపిస్తాను అన్నాను.

జులై 11

వేళ్లు నారు పట్టి బిగుసుకుపోయాయి, అక్షరాలు వంకర. ఈరోజు నేను వేసినవన్నీ వంకరే.

బండి రోడ్డు పక్కన, పంపుసెట్టు దగ్గర ఆగింది. మొదట లేచింది బాలనర్సమ్మ అత్త. "లోపట చల్లగుంటదట గదా?" అంది. ఆమె మునుంలోకి దిగాను. ఎడమచేతిలో నారు కట్ట. కుడిచేత్తో మూడు నాలుగు మొక్కలు తీసి, బొటనవేలితో గుచ్చి, పక్కకు, పక్కకు, ఒక అడుగు వెనక్కి. చూస్తే ఎంత తేలిక. నేను గుచ్చినవి తేలి నా కాళ్ల చుట్టూ తిరిగాయి. రెండు పక్కలా ఆడవాళ్లు వెనక్కి వెళ్లిపోతున్నారు, నేను ముందే ఉండిపోయాను. నా దగ్గర వరుస కొడవలిలా వంగింది. వాళ్లు పాట కట్టారు:

"బియ్యెస్సీ పిల్ల నాటేసె,
పిట్టలు నడువ తొవ్వేసె!"

పావుగంటకు అత్త తిరిగొచ్చింది. అందరూ ఒకేసారి: "ఎట్లుందే?"

"జొన్నరొట్టె సరిచినట్టు సరిచింది. జర నొచ్చింది, గంతే. గని లోపట చల్లదనం ఉన్నది సూడు! ఇంకోపాలి పోవచ్చునా?" అప్పుడు కిందికి చూసింది. "అయ్యో, నా మునుంల బర్రె పొర్లిందా?"

తర్వాత ఒక్కొక్కరు. కాళ్లు కడుక్కోవడం, మెట్టెక్కడం, పావుగంటకు ఏదో గెలిచినట్టు దిగడం. నలభై నిండని ఇద్దరికి డాక్టరు చేత్తోనే చూసి, ఎలా చూసుకోవాలో నేర్పింది. ఏడో నంబరు పటేలమ్మ నర్సమ్మ. ఆమెకు మునుం లేదు కాబట్టి నాకు పావుగంట సెలవు. గెట్టు మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూశాను. సిస్టర్ కృపారాణి కిటికీ తీసి, "ఇంత నవ్వే పేషెంట్లను నేను చూళ్లేదు, ఊపిరి బిగబట్టమంటే నవ్వుతున్నారు, బొమ్మ చెదిరిపోతోంది" అని అరిచింది.

పదమూడు మంది అయ్యారు. పద్నాలుగో మనిషి తల ఎత్తలేదు.

"అమ్మా, నీ వంతు."

"నాది ముందటి మునుం."

"పడత గదా."

"గెట్టెంబడి నేనేసే వరుసను చూసే మిగిలినోళ్లందరు ఏస్తరు. నువ్వు పడితే మడంత వంకర పోతది."

నిజమే. నేను వేసిన పదమూడు కొడవళ్లు ఆ మడిలో కనిపిస్తూనే ఉన్నాయి. బండి వెళ్లిపోయింది.

పదమూడు. పటేలమ్మతో పద్నాలుగు. మొదటి రోజుకు మేక ఒకటి. మంచి రోజు. చాలా మంచి రోజు.

జులై 12

నడుము లేదు. అది ఉండాల్సిన చోట వేరే ఏదో వస్తువు ఉంది. అమ్మ నూనె కాచి రాసింది. కుడిచేత్తో మొదలుపెట్టి, మధ్యలో ఎడమచేతికి మార్చింది.

జులై 15

శుక్రవారం బండి మళ్లీ వస్తుంది. రిపోర్టులు ఇచ్చి, పక్క పొలాల గుంపులను చూస్తుంది.

అమ్మ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. రాసి పెట్టుకుంటున్నాను. ఒట్టు ఒట్టే.

జులై 18

ముందు అందరికీ అన్నీ బాగున్నాయని రాయాలి. పద్నాలుగు రిపోర్టులూ. బాలనర్సమ్మ అత్త తన కవరును రవికలో దోపుకుని రోజంతా తిరిగింది.

ఇప్పుడు అసలుది.

పొద్దున అమ్మ ఎప్పుడూ ఐదు నిమిషాలు ఆలస్యంగా దిగుతుంది. నారు కట్టలు సరిపోతాయా లేదా అని పటేల్‌తో చూసుకుని, ఒక కట్ట తీసుకుని వస్తుంది. ఈరోజూ అలాగే వచ్చింది. మడిలో పదమూడు మందీ అప్పటికే వంగి ఉన్నారు, ఈ గెట్టు నుంచి ఆ గెట్టు దాకా. మధ్యలో సందు లేదు. గెట్టెంబడి, అమ్మ చోట్లో, బాలనర్సమ్మ అత్త.

"జరుగున్రి" అంది అమ్మ.

ఎవరూ జరగలేదు.

"బాలనర్సా, గది నా మునుం."

"ఈయాల నీకు మునుం లేదు మారెమ్మక్కా."

"ఎవలన్నరు?"

"అందరమన్నం."

"నేను మేస్త్రిని."

"అవ్, మేస్త్రివే. మాకు మేస్త్రి శాన ఏండ్లు కావాలె. పో, బండెక్కు."

అమ్మ గెట్టు మీద ఆ చివరి దాకా నడిచింది. అక్కడా చోటు లేదు. తిరిగి ఈ చివరికి వచ్చింది. చేతిలో నారు ఉంది, పెట్టడానికి జానెడు నేల లేదు. అమ్మను అలా ఎప్పుడూ చూడలేదు. బడి మొదటి రోజు పిల్లలా ఉంది. నా వైపు తిరిగింది.

"చెప్పినవా?"

నేను పంపు వైపు చూశాను. మడిలోంచి, తల ఎత్తకుండానే బాలనర్సమ్మ అత్త అంది:

"అది చెప్తెనే తెల్వాల్నా? ఉగాది సంది కట్ట ఎడమ బుజానికి మార్చినవ్. ఇరవై ఏండ్లు నీ పక్కనే నాటిన. నీ శెయ్యి నాకు తెల్వదా? నేనొక్కదాన్నే పోయి చల్లగ కూసొని రావాల్నా?"

పటేలమ్మ నర్సమ్మ దగ్గరికి వచ్చి అమ్మ చేతిలోంచి నారు కట్ట తీసుకుంది. "పా మారెమ్మా. నేనొస్త తోడు."

అమ్మ పంపు కింద కాళ్లు కడుక్కుంది. వేలు వేలూ కడుక్కుంది. ఒక్క మనిషి కాళ్లకు అన్ని నీళ్లు పడతాయని నాకు తెలియదు. మెట్టెక్కింది. ఎక్కి, వెనక్కి తిరిగి, రోడ్డు మీద లారీలు ఆగేంత గొంతుతో అరిచింది:

"బాలనర్సా! వరుస వంకరొచ్చిందో, మడంత పీకిపిచ్చి మళ్ల నాటిపిస్త!"

పదమూడు నడుములూ ఒకేసారి లేచి నవ్వాయి.

జులై 19

15న రాసింది అబద్ధం. 11నే చెప్పాను. పంపు దగ్గర కాళ్లు కడుగుతూ, బాలనర్సమ్మ అత్తకు.

"నాకెర్కే" అంది.

"ఎర్కుంటే ఎందుకూకున్నవ్ అత్తా?"

"ఆమెనే చెప్తదని చూసిన."

గుంపు ఆగుతుందని అమ్మ ఊరుకుంది. అమ్మ చెబుతుందని గుంపు ఊరుకుంది. ఒట్టేశానని నేను ఊరుకున్నాను. పద్నాలుగు మంది మంచివాళ్లు, ఒక బీఎస్సీ. ఉగాది నుంచి జులై దాకా.

ఒట్టు తప్పినందుకు అమ్మకు ఏమీ కాలేదు. రాత్రి కూరలో ఉప్పెక్కువైందని నన్ను తిట్టింది కూడా.

జులై 21

పట్నం ఆస్పత్రిలో అమ్మ గడ్డలోంచి సూదితో ముక్క తీశారు. తిరిగొచ్చేటప్పుడు అమ్మ కిటికీ పక్కన కూర్చుని, కనిపించిన ప్రతి మడికీ పేరు పెట్టింది. "గది ముదిరిన నారు. గది పల్చగేసిన్రు. గది ఎవలో నీలెక్క నాటిన్రు."

జులై 28

రిపోర్టు వచ్చింది. అదే.

జులై 29

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

ఒకటిన్నర సెంటీమీటరు. చంకలోకి పాకినట్టు లేదు. "తొందరగా వచ్చారు మారెమ్మా" అంది డాక్టర్ ఉమారాణి. రొమ్ము తీయనక్కర్లేదు, గడ్డ వరకూ తీస్తారు. తర్వాత కొన్ని వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవాలి. మందులు వాడాలి. ఇవన్నీ నేను కాగితం మీద రాసుకుంటుంటే పెన్ను ఆగిపోయింది, సిస్టర్ తనది ఇచ్చింది.

బాపు లేచి నిలబడి, రుమాలు చేతిలో నలుపుతూ అడిగాడు: "బతుకుతదా మేడం?"

"బతకడమేంటి శివయ్య గారూ, వచ్చే కాలం నాట్లు వేస్తుంది."

"వచ్చే కాలమెందుకు?" అంది అమ్మ. "ఈ కాలందే ఇంక పదెకరాలున్నది."

డాక్టర్ నవ్వింది. బాపు నవ్వాడు. నేను బయటికి వెళ్లి ఏడ్చి వచ్చి నవ్వాను.

ఆగస్టు 8

ఆపరేషన్ బాగా జరిగింది. చుట్టూ శుభ్రంగా ఉందట, చంకలో ఏమీ లేదట. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే చెప్పారు. నాలుగోసారి అడగబోతే సిస్టర్ కృపారాణి చెయ్యెత్తి ఆపింది.

సాయంత్రం ఎల్లేశ్ అన్న ఆటో, ఇంకో ఆటో. పదమూడు మంది, పటేలమ్మ, ఒక బుట్ట టమాటలు. ఇద్దరికంటే ఎక్కువ పోవద్దన్నాడు గేటు దగ్గర మనిషి, చుట్టాలే పోవాలన్నాడు.

"అందరం అక్కచెల్లెండ్లమే" అంది బాలనర్సమ్మ అత్త.

"పద్నాలుగు మందా?"

"మా నాయినను అడుగుపో."

పంపించాడు. మంచం చుట్టూ నిలబడి, నాట్లు ఎంతవరకు వచ్చాయో చెప్పారు. అమ్మ కళ్లు మూసుకుని విన్నది. "ముందటి మునుం ఎవలేస్తున్నరు?" అంది చివరికి.

"నేనే" అంది అత్త.

"ఎట్లొస్తున్నది?"

"వంకర."

అమ్మ నిద్రపోయింది. నవ్వుతూనే.

ఆగస్టు 20

ఎల్లేశ్ అన్న ఆటోలో కొత్త రికార్డింగు. ఈసారి నా గొంతు కాదు. నేను రాసిచ్చిన కాగితాన్ని అమ్మ మడిచి పక్కన పెట్టి మాట్లాడింది:

"నేను మారెమ్మను. నాటు గుంపు మేస్త్రిని. నాకు గడ్డుండె, తీసిన్రు, మంచిగున్న. చెల్లెండ్లారా, మీరు గూడ చూపిచ్చుకోన్రి. పదింటికి బడి కాడికి కాదు. బండి మీ పొలం కాడికే వస్తది. మునుం ఫికర్ చెయ్యకున్రి. పట్టనీకె మా బిడ్డ ఉన్నది."

ఆ చివరి ముక్క నన్నడగలేదు.

వెంటనే: "తాజా తాజా తాజా! మొదలు చూస్కోన్రి, తర్వాత తీస్కోన్రి!" ఎల్లేశ్ అన్న ఈసారి కత్తిరించడం నేర్చుకుని వచ్చాడు. అమ్మే వద్దంది. "ఉండనియ్యి. నవ్వనీకెనన్న వింటరు."

ఆగస్టు 24, ఆదివారం

ఈ కాలానికి చివరి మడి. గుంపులో ప్రార్థనకు వెళ్లేవాళ్లు అది ముగించుకుని వచ్చారు, అందుకని ఆలస్యంగా దిగాం. పటేలమ్మ గెట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేయించింది. అమ్మ దాంట్లో కూర్చుంది, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని.

ముందటి మునుం ఎవరు పట్టాలని మాట వచ్చింది. బాలనర్సమ్మ అత్త తన పాత చోటికి జరిగి నిలబడింది. అందరూ నన్ను చూశారు.

దిగాను.

"ఎడమకు. ఇంక ఎడమకు. లోతు గుచ్చకే, అది బాయి కాదు. తల ఎత్తకు. ఎనుకకు చూడకు. ఎనుక ఏముందో కాలు చెప్తది." మూడు గంటలు అలా. పన్నెండు తరగతులు, మూడేళ్ల డిగ్రీ, ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అంత శ్రద్ధగా తిట్టలేదు. పోను పోను నారు తేలడం మానేసింది. ఒకసారి అమ్మ పది నిమిషాలు ఏమీ అనలేదు. ఎందుకా అని భయపడి చూస్తే, ఊరికే చూస్తోంది.

చివరి మూల, కుర్చీ కిందనే. ఒక అడుగు మేర మిగిలింది. వంగబోయాను.

"ఆగు" అంది అమ్మ.

కుర్చీ దిగి గెట్టు మీద కూర్చుంది. రెండు కాళ్లూ మెల్లగా బురదలోకి జార్చింది. కళ్లు మూసుకుంది, వేడినీళ్లలో దిగినట్టు. ఎడమచెయ్యి చాపింది. కుడిచేత్తో పని చేయొద్దని డాక్టర్ చెప్పింది. ఎడమచేతి గురించి ఏమీ అనలేదు. గుప్పెడు నారు ఇచ్చాను.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. మడి నిండింది.

అమ్మ తల ఎత్తి, గెట్టెంబడి నేను వేసుకుంటూ వచ్చిన వరుసను ఆ చివరి దాకా చూసింది. గొంతెత్తి, అందరికీ వినపడేలా అడిగింది:

"ఈ వంకర మునుం ఎవలదే?"

పదమూడు గొంతులు: "నీ బిడ్డదే!"

"అవ్" అంది అమ్మ. "నా బిడ్డదే."